గడియారం చూపించేది సీటీసీ, ఒంటికి దక్కేది టేక్‌హోమ్

మొన్న శుక్రవారం మధ్యాహ్నం క్యాంటీన్లో మా టీమ్ కుర్రాడొకడు ట్రేలో చికెన్ బిర్యానీ, పక్కన రెండు గులాబ్ జామూన్లు, ఓ కూల్ డ్రింకు పెట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. వాడు బరువు తగ్గే పనిలో ఉన్నాడని ఫ్లోర్ ఫ్లోరంతా తెలుసు. "ఏంట్రా ఇది?" అన్నాను. వాడు మాట్లాడకుండా మణికట్టు తిప్పి గడియారం చూపించాడు.

"పొద్దున జిమ్‌లో 612 కొట్టానన్నా. అవి తినెయ్యాలి కదా. తినకపోతే మెటబాలిజం పడిపోద్ది" అన్నాడు.

ఇలాంటివి వింటే మామూలుగా నేను ఊరుకోను. కానీ ఆ రోజు ఊరుకున్నాను. ఎందుకంటే రెండేళ్ళ క్రితం, ఇంచుమించు ఇవే మాటలు నేను మా ఆవిడతో అన్నాను. అప్పుడు నా చేతిలో ఉన్నది మిర్చి బజ్జీ, అంతే తేడా. ఆరోజు క్యాంటీన్లో వాడికి చెప్పాల్సింది అంతా ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. కొంచెం ఘాటుగానే రాస్తున్నాను, ఎవరూ ఏమీ అనుకోకండి. అనుకున్నా పర్లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. బరువు తగ్గాలనుకునే మనలాంటి కుర్చీ ఉద్యోగులు, వ్యాయామంలో ఖర్చయ్యాయని గడియారం చెప్పిన కేలరీలని తిరిగి తినకూడదు. సగం కూడా తినకూడదు. ఎవరు తినాలో, ఎప్పుడు తినాలో కూడా చెప్తాను, ఎందుకంటే ఆ మాట చెప్పకపోతే నాదీ అన్యాయమే అవుతుంది. కానీ ముందు ఆ 612 సంగతి చూద్దాం.

మనందరికీ ఆఫర్ లెటర్ చదవడం వచ్చు. సీటీసీ అని పైన ఓ పెద్ద అంకె ఉంటుంది. పెళ్ళి సంబంధాల్లో చెప్పుకోవడానికి బాగుంటుంది. నెలాఖరున బ్యాంకులో పడేది వేరే. పీఎఫ్ పోను, టాక్సు పోను, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే పోను మిగిలేదే మనం ఇంటద్దె కట్టేది. సీటీసీ చూసి ఈఎంఐ పెట్టుకునేవాణ్ణి మనం ఏమంటామో మీకు తెలుసు. మరి గడియారం మీద కనపడే అంకె కూడా సీటీసీయే అని చెప్తే ఎందుకు ఒప్పుకోరు?

మొదటి కోత చూడండి. వ్యాయామం తీవ్రతని మెట్ అనే యూనిట్లో కొలుస్తారు. 1 మెట్ అంటే ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికయ్యే ఖర్చు, కిలో బరువుకి గంటకి సుమారు 1 కేలరీ. (శాస్త్రం ప్రకారం ఇది కిలోకేలరీ. మనం వాడుకలో కేలరీ అనే అంటాం కాబట్టి అలాగే రాస్తున్నాను.) గంటకి 5 కిలోమీటర్ల వేగంతో నడిస్తే అది సుమారు 3.5 మెట్లు. 80 కిలోల మనిషి గంట నడిస్తే 3.5ని 80తో హెచ్చవేసి 280 అంటారు. బాగానే ఉంది. కానీ ఆ గంటా నడవకుండా సోఫాలో కూర్చుని క్రికెట్ చూసినా 80 కేలరీలు ఎలాగూ ఖర్చయ్యేవి. అవి మీ రోజువారీ లెక్కలో ఇప్పటికే ఉన్నాయి. నడక వల్ల కొత్తగా వచ్చింది 200 మాత్రమే. కొన్ని గడియారాలు యాక్టివ్ అని ఒకటి, టోటల్ అని ఒకటి, రెండు అంకెలు చూపిస్తాయి. మనవాళ్ళు ఏది చూస్తారు? పెద్దది చూస్తారు. నేనూ పెద్దదే చూశాను.

రెండో కోత, అసలు ఆ గడియారానికి కేలరీలు కొలవడం రాదు. అది కొలిచేది గుండె వేగం, చేతి కదలిక. వాటికి మీ వయసూ బరువూ కలిపి ఓ సూత్రంలో వేసి కేలరీలు *అంచనా* కడుతుంది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు 2017లో మణికట్టుకి పెట్టుకునే 7 పరికరాలని 60 మంది మీద పరీక్షించారు. గుండె వేగం విషయంలో 7లో 6 పరికరాలు 5 శాతం లోపు తేడాతో బాగానే చెప్పాయి. కేలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిట్లోకీ మంచిదనిపించుకున్నది కూడా సగటున 27 శాతం తప్పు చెప్పింది. అన్నిట్లోకీ అధ్వాన్నంగా ఉన్నది 93 శాతం తప్పు చెప్పింది! ఆ తర్వాత కొత్త మోడళ్ళు వచ్చాయి, నిజమే. కానీ మణికట్టు మీది పచ్చ లైటుతో కేలరీని నేరుగా కొలిచే మార్గం ఇప్పటికీ లేదు. మన టెస్టింగ్ టీమ్ 27 శాతం తప్పొచ్చే బిల్డ్‌ని ప్రొడక్షన్‌కి వదులుతుందా? దాని మీద ఆధారపడి బిర్యానీ మాత్రం ఆర్డర్ చేస్తాం.

మూడో కోత చాలామందికి తెలియదు. ఒళ్ళు ఒకచోట ఎక్కువ ఖర్చుపెడితే ఇంకోచోట పొదుపు చేస్తుంది. పొద్దున కష్టపడి పరిగెత్తినవాడు సాయంత్రం లిఫ్ట్ ఎక్కుతాడు, కుర్చీలోంచి లేవడు, ఆదివారమంతా పడుకుంటాడు. పైకి కనపడని పొదుపు లోపల కూడా కొంత జరుగుతుంది. హెర్మన్ పాంట్జర్ అనే పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్ళు 2012లో టాంజానియాలోని హడ్జా అనే వేటగాళ్ళ తెగవారి రోజువారీ ఖర్చు కొలిచారు. రోజూ మైళ్ళకి మైళ్ళు నడిచే ఆ మనుషులు, ఒంటి పరిమాణం లెక్కలోకి తీసుకుంటే, పాశ్చాత్య దేశాల్లోని మామూలు జనం ఖర్చుపెట్టేటన్నే కేలరీలు ఖర్చుపెడుతున్నారు. తర్వాత 2021లో 1,754 మంది పెద్దవాళ్ళ లెక్కలు చూసిన ఇంకో పరిశోధన, శ్రమ వల్ల అదనంగా అయ్యే ఖర్చులో సగటున 28 శాతాన్ని ఒళ్ళు ఇంకోచోట మిగుల్చుకుంటోందని తేల్చింది. అంటే 100 కేలరీల శ్రమ చేస్తే రోజు మొత్తం మీద పెరిగేది 72. ఇది సగటు మాత్రమే, అందరికీ ఒకేలా ఉండదు. కానీ కోత ఉందన్నది మాత్రం నిజం.

ఇప్పుడు నా గడియారం ఆ రోజుల్లో గంట నడకకి ఎంత చూపించేదో చెప్పనా? 410. మెట్ లెక్కలో 280. కూర్చున్నా అయ్యే ఖర్చు తీసేస్తే 200. సగటు పొదుపు కూడా తీసేస్తే 145 దాకా. సీటీసీ 410, టేక్‌హోమ్ 145. ఈ మాత్రం తేడా మన హెచ్‌ఆర్ వాళ్ళు కూడా చూపించరు.

కోతలు అక్కడితో అయిపోలేదు. ఇప్పటిదాకా చెప్పింది సంపాదన వైపు. ఖర్చు వైపు, అంటే తిండి వైపు, మన లెక్క ఇంతకన్నా ఘోరం. కెనడాలోని ఒట్టావాలో చేసిన ఓ చిన్న ప్రయోగం 2010లో అచ్చయింది. మామూలు బరువున్న మనుషుల చేత ట్రెడ్‌మిల్ మీద వ్యాయామం చేయించి, ఎంత ఖర్చయిందో ఊహించమన్నారు. 3, 4 రెట్లు ఎక్కువ చెప్పారు. సరే, ఖర్చయినంతకి సరిపడా తినండి అని భోజనం పెడితే, ఖర్చయినదానికి 2, 3 రెట్లు తిన్నారు. అంతకు ముందు, 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇంకోటి వచ్చింది. "మేం 1,200 కేలరీలు కూడా తినం, అయినా బరువు తగ్గం" అని వాపోయే కొందరిని పట్టుకుని నిజంగా కొలిచారు. వాళ్ళు తిన్నది సగటున 47 శాతం తక్కువ చేసి చెప్తున్నారు, చేసిన శ్రమ 51 శాతం ఎక్కువ చేసి చెప్తున్నారు. వాళ్ళు అబద్ధాలకోరులేం కాదు. మనలాంటి మామూలు మనుషులే. మన ఎఫర్ట్ ఎస్టిమేట్లు గుర్తున్నాయా? అచ్చం అలాగే.

అదీగాక మన వంట సంగతి వేరు. ఒక చపాతీకి ఇన్ని కేలరీలు అని యాప్‌లో కొట్టేస్తాం. దాని మీద రాసిన నెయ్యి ఎవరు కొడతారు? ఒక టేబుల్ స్పూన్ నూనె అంటే 120 కేలరీలు. 22 గ్రాముల నెయ్యి అంటే 200, అంటే గంట నడక మొత్తం. వండిన అన్నం 150 గ్రాములు అంటే ఇంకో 200. మా అమ్మ "కాస్త అన్నం" అని వడ్డించేది ఎప్పుడైనా తూచి చూశారా? నేను చూశాను. మా అమ్మ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

సరే, ఇప్పుడు నా సొంత బగ్ చెప్తాను. దీన్ని చాలామంది చేస్తున్నారు కాబట్టే చెప్తున్నాను, నా గొప్ప చెప్పుకోవడానికి కాదు.

2024 జనవరిలో కంపెనీ హెల్త్ చెకప్‌లో నా హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 దాటితే ప్రీడయాబెటిస్, 6.5 చేరితే డయాబెటిస్. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అన్నారు. మా నాన్నగారికి నలభయ్యేళ్ళకే షుగర్ వచ్చింది కాబట్టి ఆ కాగితం చూసి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచే కొండాపూర్ బొటానికల్ గార్డెన్లో గంట నడక మొదలెట్టాను. యాప్ పెట్టుకున్నాను, గడియారం కొన్నాను. అంతా పద్ధతిగా చేశాననే అనుకున్నాను.

అప్పుడు నా బరువు 80 కిలోలు, ఎత్తు 170 సెంటీమీటర్లు, వయసు 38. 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం ప్రకారం బరువుని 10తో, ఎత్తుని 6.25తో హెచ్చవేసి కలిపి, వయసుకి 5 రెట్లు తీసేసి, మగవాళ్ళయితే 5 కలపాలి (ఆడవాళ్ళయితే 161 తీసెయ్యాలి). నాకు సుమారు 1,680 వచ్చింది. ఇది ఊరికే పడుకుంటే అయ్యే ఖర్చు. దీన్ని మన దినచర్యని బట్టి ఓ గుణకంతో హెచ్చవెయ్యాలి. కుర్చీ ఉద్యోగానికి 1.2, వారానికి 3 నుంచి 5 రోజులు ఓ మాదిరి వ్యాయామం చేసేవాళ్ళకి 1.55. నేను నడుస్తున్నాను కదా అని గర్వంగా 1.55 నొక్కాను. 2,600 వచ్చింది. బరువు తగ్గడానికి అందులోంచి 500 తీస్తే 2,100. అదీ నా రోజువారీ కోటా.

దాని మీద ప్రతిరోజూ గడియారం ఇచ్చిన 410 కలుపుకుని 2,510 దాకా తినొచ్చని నా లెక్క.

తప్పు ఎక్కడుందో మీకు ఈపాటికి కనపడే ఉంటుంది. 1.55 అన్నప్పుడే నా నడక అందులో కలిసిపోయింది. దాన్నే మళ్ళీ గడియారం పేరుతో ఇంకోసారి కలిపాను. ఒకే పనికి రెండుసార్లు టైమ్‌షీట్ నింపి క్లయింట్‌కి బిల్లు వేసినట్టు. నిజంగా నా ఖర్చెంత? కుర్చీ ఉద్యోగానికి 2,010, నడక తెచ్చిన 200, మొత్తం 2,210. తినొచ్చనుకున్నది 2,510. రోజుకి 300 మిగులు. నెలకి 9,000. కిలో కొవ్వులో ఉండేది సుమారు 7,700 కేలరీలు. రోజూ గంట నడుస్తూ నెలకి కిలో చొప్పున లావయ్యే ప్లాన్ నేనే స్వయంగా డిజైన్ చేసుకున్నాను! ఏదో రోజూ కోటా మొత్తం తినలేదు కాబట్టి బతికిపోయాను. 5 నెలల తర్వాత బరువు 81.5, హెచ్‌బీఏ1సీ 6.3. డాక్టరుగారు "వాకింగ్ చెయ్యమన్నాను కదా" అన్నారు. "రోజూ చేస్తున్నాను సార్" అంటే నమ్మలేదు. ఆయన తప్పేం లేదు.

ఇక్కడ అవతలి వాళ్ళ వాదన కూడా న్యాయంగా చెప్పాలి. చాలా యాప్‌లు కోటా ఇచ్చేటప్పుడు వ్యాయామాన్ని కలపకుండా, కుర్చీ జీవితానికి మాత్రమే లెక్కకట్టి ఇస్తాయి. వ్యాయామం చేసిన రోజు ఆ మేరకు కలుపుకోమంటాయి. డిజైన్‌గా చూస్తే ఇందులో తప్పు లేదు. కుర్చీ లెక్క 2,010లోంచి 500 తీసి 1,510 ఇచ్చి, నడిచిన రోజు నిజంగా అయిన 200 కలిపి 1,710 తినమంటే అది సబబైన సంగతే. నేను ఒప్పుకుంటాను. కానీ ఆ 200 స్థానంలో గడియారం 410 అని రాస్తుంది. జిమ్‌లో మావాడికి 612 అని రాస్తుంది. సూత్రం సరైనదే, అందులోకి వెళ్ళే డేటా చెత్త. చెత్త లోపలికెళ్తే చెత్తే బయటికొస్తుందని మనకి మొదటి సంవత్సరంలోనే చెప్పారు కదా.

ఇక మా కుర్రాడి రెండో వాదన, "తినకపోతే మెటబాలిజం పడిపోద్ది, బరువు ఆగిపోద్ది" అన్నది. దీనికి జవాబు 1944-45లోనే దొరికింది. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి ఆరు నెలల పాటు రోజుకి సుమారు 1,570 కేలరీలు మాత్రమే పెట్టి, వారానికి 35 కిలోమీటర్లు నడిపించాడు. వాళ్ళ మెటబాలిజం తగ్గిన మాట నిజం. కానీ బరువు తగ్గడం మానలేదు. ఉన్న బరువులో ఇంచుమించు నాలుగో వంతు పోయింది. బలహీనమయ్యారు, ఎప్పుడూ చలి అన్నారు, దిగులు పడ్డారు, నిద్రలో కూడా తిండి గురించే ఆలోచించారు. దీన్నిబట్టి తేలేవి రెండు. ఒక బిర్యానీ మానేస్తే మెటబాలిజం మూతపడదు. అలాగే ఒళ్ళు హూనం చేసుకుంటూ కడుపు మాడ్చుకుంటే మనిషి పాడవుతాడు. మొదటిది క్యాంటీన్లో వాడికి. రెండోది ఇంకొందరికి, వాళ్ళ గురించి ఇప్పుడు చెప్తాను.

తిరిగి తినాల్సినవాళ్ళు ఉన్నారు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి తయారవుతూ ఆదివారం 18, 20 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్ళు తినాలి. పరుగులో కిలో బరువుకి కిలోమీటరుకి సుమారు 1 కేలరీ. 60 కిలోల మనిషి 20 కిలోమీటర్లు పరిగెత్తితే 1,200. ఇది గంట నడక లాంటిది కాదు. దీన్ని పూడ్చకుండా 1,300 కేలరీల డైటు చేస్తే ఒళ్ళు ఊరుకోదు. మా పక్క టీమ్‌లో ఒకావిడ ఇదే చేశారు. హాఫ్ మారథాన్ ట్రైనింగూ, బరువు తగ్గడమూ ఒకేసారి పెట్టుకున్నారు. "నువ్వు సూపర్" అని అందరం మెచ్చుకున్నాం, నేను కూడా. మూడు నెలలకి పీరియడ్స్ ఆగిపోయాయి, నాలుగో నెలలో కాలి ఎముకలో సన్నటి పగులు. ఆర్నెల్లు నడక కూడా లేదు. ఈ పరిస్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఓ పేరు కూడా పెట్టింది, రెడ్-ఎస్ అని. చేసే శ్రమకి చాలినంత తిండి లేకపోవడం వల్ల వచ్చే జబ్బు. ఆడవాళ్ళకే కాదు, మగవాళ్ళకీ వస్తుంది. కాబట్టి గంటన్నర దాటి పరిగెత్తేవాళ్ళూ, రోజుకి రెండుపూటలా ట్రైనింగ్ చేసేవాళ్ళూ నా మాట పక్కన పెట్టండి. మీరు తినండి. గడియారాన్ని చూసి కాదు, కిలోమీటర్ల లెక్క చూసి తినండి.

ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళ సంగతి ఇంకా వేరు. వ్యాయామంతో వాళ్ళకి షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. వాళ్ళు ఎప్పుడు ఏం తినాలో వాళ్ళ డాక్టరు చెప్పాలి గానీ నాలాంటి సాఫ్ట్‌వేరోడు కాదు. పాలిచ్చే తల్లులూ, ఎదిగే పిల్లలూ ఈ లెక్కల్లోకే రారు.

కానీ నిజం చెప్పండి. మన ఫ్లోర్లో ఇలాంటివాళ్ళు ఎంతమంది? మిగతా అందరం ఎవరం? 2025లో హైదరాబాద్ యూనివర్సిటీ వాళ్ళు ఏఐజీ హాస్పిటల్స్ డాక్టర్లతో కలిసి ఓ పరిశోధన ప్రచురించారు. మన ఊళ్ళోని 345 మంది ఐటీ ఉద్యోగులని చూస్తే 84 శాతం మందికి లివర్లో కొవ్వు ఎక్కువుంది. 71 శాతం మందికి ఊబకాయం. ఇది ఎక్కడో అమెరికా లెక్క కాదు, మాదాపూర్ గచ్చిబౌలి లెక్క. మన క్యాంటీన్లో నలుగురు కూర్చునే టేబుల్ దగ్గర ముగ్గురి కథ ఇది, నాలుగోవాడి రిపోర్ట్ ఇంకా రాలేదు. మనకున్న ప్రమాదం మారథాన్ వాళ్ళకున్న ప్రమాదం కాదు. "బాగా కష్టపడ్డావు, ఇంకొంచెం తిను" అన్న సలహా ఆ ఒక్కరికి మందు, మిగతావాళ్ళకి విషం.

మరి వ్యాయామం దండగా అంటారేమో. నాకు ఒళ్ళు మండేది సరిగ్గా ఇక్కడే. వ్యాయామాన్ని బజ్జీల కూపన్‌గా మార్చిందే ఈ తిరిగి తినే లెక్క! చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మంది ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్ళ మీద చేసిన ప్రయోగం 2006లో వచ్చింది. మూడేళ్ళలో, మామూలు సలహాతో వదిలేసినవాళ్ళలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. నడకా, తిండీ మార్చుకున్నవాళ్ళలో 39 శాతానికి తగ్గింది. నడక కండరాల చేత గ్లూకోజ్ తీయిస్తుంది, లివర్ కొవ్వు తగ్గిస్తుంది, నిద్ర పట్టిస్తుంది, బరువు తగ్గేటప్పుడు కండ పోకుండా బరువులెత్తడం కాపాడుతుంది. ఇదంతా జీతం. దీన్ని వదిలేసి 145 కేలరీల చిల్లర కోసం గడియారం వంక చూస్తాం.

చూడగా చూడగా ఇంకో రోగం పట్టుకుంటుంది. నడిస్తేనే తినే హక్కు అన్నట్టుంటుంది మనసు. నాకు పట్టుకుంది కాబట్టే తెలుసు. వానొచ్చి నడవని రోజు అన్నం ముందు కూర్చుంటే నేరం చేసినట్టుండేది. పెళ్ళిలో తిన్న రోజు రాత్రి 11 గంటలకి అపార్ట్‌మెంట్ సెల్లార్లో కార్ల మధ్య తిరిగేవాణ్ణి. వాచ్‌మన్ రెండు రోజులు చూసి "సార్, ఇంట్లో ఏమన్నా గొడవా?" అని అడిగాడు. తిన్నందుకు శిక్ష నడక, నడిచినందుకు బహుమతి తిండి. ఈ వ్యాపారంలో తిండి రుచీ పోతుంది, నడక సుఖమూ పోతుంది.

ఇంతకీ ఏం చెయ్యాలి? నేను చేసింది చెప్తాను, పెద్ద బ్రహ్మవిద్య కాదు. కోటాని ఒకేసారి, నడకని కలుపుకునే, తక్కువ వైపుకి మొగ్గి కట్టుకున్నాను. 2,210కి రోజుకి 400 తగ్గించి 1,800. నడిచిన రోజూ అంతే, నడవని రోజూ అంతే. గడియారంలో కేలరీల అంకె కనపడకుండా పెట్టేశాను, అడుగులూ గుండె వేగమూ చాలు. రోజూ పొద్దున్నే బాత్రూమ్‌కెళ్ళొచ్చాక బరువు చూసి రాసుకున్నాను. ఏ ఒక్కరోజు అంకెనీ పట్టించుకోలేదు, ఎందుకంటే ఉప్పు ఎక్కువైతే, అన్నం ఎక్కువైతే ఒంట్లో నీరు చేరి రాత్రికి రాత్రి కిలో తేడా వస్తుంది. ఏడు రోజుల సగటు తీసి, పోయిన వారం సగటుతో పోల్చాను. మూడు, నాలుగు వారాలు చూసినా సగటు కదలకపోతే రోజుకి 100, 150 తగ్గించాలి. వారానికి ఒంటి బరువులో 1 శాతం కన్నా వేగంగా, అంటే నాకైతే 800 గ్రాముల కన్నా ఎక్కువగా, వరసగా తగ్గుతూ నీరసంగా ఉంటే 150, 200 కలపాలి.

అంటే తిరిగి తినడం పూర్తిగా నిషేధం కాదన్నమాట. తినమని చెప్పేది ఎవరు అన్నదే నా పేచీ. గడియారం చెప్పేది ఎస్టిమేట్. తూకం చెప్పేది ప్రొడక్షన్ లాగ్. గడియారం తప్పులూ, నా చపాతీ నెయ్యి తప్పులూ, ఒళ్ళు చేసే దొంగ పొదుపూ అన్నీ కలిసి చివరికి ఏం జరిగిందో ఆ సగటులో బయటపడిపోతుంది. లాగ్ చేతిలో ఉండగా ఎస్టిమేట్ పట్టుకుని వాదించేవాణ్ణి మన మేనేజర్లలోనే చూశాం, మనం కూడా అలా తయారవ్వాలా?

ఎనిమిది నెలలకి 81.5 నుంచి 74కి వచ్చాను. లెక్క ప్రకారమైతే ఇంకా తగ్గాలి. మధ్యలో రెండు పెళ్ళిళ్ళూ, దసరా, సంక్రాంతి అరిసెలూ ఉన్నాయి, దాచుకోవడం ఎందుకు. హెచ్‌బీఏ1సీ 5.6. మా నాన్నగారు ఆ రిపోర్ట్ కాగితం రెండుసార్లు చదివి, మడిచి తన షుగర్ మాత్రల డబ్బా కింద పెట్టుకున్నారు. ఏమీ అనలేదు.

క్యాంటీన్ కుర్రాడికి నిన్న ఇందులో సగం చెప్పాను. "మరి ఆ 612 ఏమైనట్టన్నా?" అన్నాడు, జేబులోంచి పర్సు ఎవరో కొట్టేసినట్టు మొహం పెట్టి. ఎక్కడికీ పోలేదురా, అవి నీ పొట్ట మీంచి కరగాల్సినవి, వాటినే నువ్వు ప్లేట్లో పెట్టుకుని మళ్ళీ పొట్టలోకే పంపిస్తున్నావు అన్నాను. నమ్మాడో లేదో తెలియదు. రెండు వారాలు బరువు రాసి చూపిస్తానన్నాడు. చూద్దాం.

మీరు కూడా ఈ వారం ఒక్క పని చెయ్యండి. గడియారం సెట్టింగుల్లోకెళ్ళి ఆ కేలరీల అంకె తీసెయ్యండి. తీసెయ్యడానికి చెయ్యి రాకపోతే, అది మీకు ఎంత అలవాటైపోయిందో అక్కడే తెలుస్తుంది.

ఉంటాను మరి, నడక టైమయింది.